పాట డిస్కులోనే ఉంది, దొరకట్లేదంతే: పాటల సాఫ్ట్‌వేర్‌లో మనకి రావాల్సిన ఫీచర్లు

కోనసీమలో ఏ ఊరైనా అనుకోండి. కొబ్బరితోట పక్కన పెళ్లిపందిరి, తెల్లవారుజామున మూడున్నరకి ముహూర్తం, మైకు సెట్టు కుర్రాడు యాంప్లిఫయర్ పక్కన లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పెళ్లికూతురి పెదనాన్నగారు వచ్చి "సుశీల గారి పాటండి, పాతది, పెళ్లికూతుర్ని చేసేటప్పుడు పాడేది, అదెయ్యి నాన్నా, మా అమ్మకి చాలా ఇష్టం" అన్నారు. కుర్రాడు సెర్చ్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో సుశీల అని కొట్టాడు, ఓ పది పాటలొచ్చాయి, అందులో అది లేదు. డిస్కులో లేక కాదు. ఆ పాట మీద ఆవిడ పేరు ఎస్ పక్కన హెచ్ పెట్టి, మధ్యలో రెండు ఈలు కాకుండా ఒక ఐ పెట్టి రాసుంది, ఇంకో ఫోల్డర్లో పేరుకి ముందు పి అనే ఇంటిపేరు అక్షరం ఉంది, మరో చోట ఆవిడ పేరే లేదు, పాట దించుకున్న వెబ్‌సైట్ పేరుంది. ఆయన కాసేపు నిలబడి సర్లే అని వెళ్లిపోయారు.

ఇది ఆ కుర్రాడి తప్పు కాదు. వేల పాటలు సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి, ఫూబార్2000, మ్యూజిక్‌బీ, మీడియామంకీ, ఎంపీ3ట్యాగ్, పికార్డ్, కమాండ్లు కొట్టుకునేవాళ్లకి బీట్స్, ఇవన్నీ మంచివే, కష్టపడి చేసినవే. కానీ వీటిలో ఎక్కువ భాగం ఫైలు మీద రాసున్న అక్షరాల్నే పాట అనుకుంటాయి. అక్షరం మారితే మనిషి మారిపోయాడు, పాట మారిపోయింది. మన దగ్గర పాటని గుర్తుపట్టే పద్ధతి వేరు: సినిమా పేరు, పల్లవి, పాడినవాళ్లు, రాసినవాళ్లు, సంగీతం ఎవరు, ఏ సందర్భానికి వేస్తారు. ఏ కొత్త ఫీచర్ అడిగినా మూలం ఇదే, ఫైలు వేరు, పాట వేరు, మనిషి వేరు అని సాఫ్ట్‌వేర్ లోపల విడివిడిగా ఉండాలి.

ముందు ఈ గందరగోళం ఎలా పేరుకుందో చూడాలి. డెల్టాలో ఒక్కో ఇంట్లో పాటల స్టాకు మూడు నాలుగు తరాలది. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది, టేప్‌రికార్డర్లు వచ్చాక రేడియో దగ్గర కేసెట్టు పెట్టి భక్తి పాటలు, నాటకాలు రికార్డు చేసుకున్న ఇళ్లున్నాయి. తర్వాత ఎంపీ3 సీడీలు, సెకనుకి 128 కిలోబిట్లు, అంటే 128 కేబీపీఎస్‌లో నిమిషం పాటకి ఒక ఎంబీ కన్నా కాస్త తక్కువ పడుతుంది కాబట్టి 700 ఎంబీ సీడీలో దాదాపు పన్నెండు గంటల పాటలు పట్టేసేవి, నూట యాభై పాటలు ఒక్క సీడీలో అంటే అప్పట్లో పెద్ద సంగతే. ఆ తర్వాత సెల్ షాపుల్లో చిప్‌లోకి పాటలు ఎక్కించడం, ఆ తర్వాత పెన్‌డ్రైవులు, హార్డ్‌డిస్కులు. మారిన ప్రతిసారీ మొత్తం కాపీ కొట్టారు, ఎవరూ పేర్లు సరిచెయ్యలేదు, ఎవరికి తీరిక. యాభై వేల పాటలు, పాటకి 5 ఎంబీ అనుకున్నా 250 జీబీ, ఈ రోజుల్లో అదొక చిన్న డిస్కు, చోటు గొడవే లేదు, గొడవంతా పేర్లతోనే.

పేర్లు ఫైల్లో ఎక్కడుంటాయి అంటే ట్యాగుల్లో. ఎంపీ3కి మొదట వచ్చిన ఐడీ3 ట్యాగు 1996 నాటిది, ఫైలు చివర 128 బైట్లు అతికిస్తారు, అందులో పాట పేరుకి 30 బైట్లు, పాడినవాళ్లకి 30, ఆల్బమ్‌కి 30, సంవత్సరానికి 4. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు కాబట్టి వాళ్లకి ఎలాగో సరిపోయింది. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగు అక్షరం, దాన్ని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు తింటుంది, అదీ మనం చూసే అక్షరం కాదు, హల్లుకి మూడు, గుణింతానికి మూడు, ఒత్తుకి ముందొచ్చే పొల్లుకి మూడు. "స్త్రీ" అని ఒక్క అక్షరం రాస్తే లోపల ఆరు ముక్కలు, 18 బైట్లు. "ఘంటసాల వెంకటేశ్వరరావు" అని పూర్తిగా రాస్తే మధ్యలో ఖాళీతో కలిపి 61 బైట్లు, అంటే ఆ 30 బైట్ల గదిలో ఆయన పేరు సగం కూడా పట్టదు. దాంతోపాటు 80 రకాల సంగీతం పేర్ల లిస్టు ఒకటి పెట్టారు, అందులో మన పాటలకి దగ్గరగా ఉన్నది సౌండ్‌ట్రాక్ ఒక్కటే, అందుకే ఘంటసాల పాడిన పద్యమైనా, ఐటం పాటైనా అన్నీ సౌండ్‌ట్రాకే.

తర్వాత ఐడీ3 రెండో వెర్షన్ 1998లో వచ్చింది, చోటు గొడవ తీరింది, 2.3లో యూటీఎఫ్-16 పద్ధతిలో తెలుగు రాసుకోవచ్చు, 2000లో వచ్చిన 2.4లో యూటీఎఫ్-8 కూడా. రాసినవాళ్లకి ఒక గడి, సంగీతం చేసినవాళ్లకి ఒక గడి విడిగా ఉన్నాయి. నాణ్యత పోకుండా పాట దాచే ఫ్లాక్ ఫైళ్లకైతే ఇంకా హాయి, వాటి ట్యాగులు మొత్తం యూటీఎఫ్-8, మనకి కావాల్సిన పేరుతో కొత్త గడి మనమే పెట్టుకోవచ్చు, రాగం అని, తాళం అని. కాబట్టి ఇప్పుడు ఫార్మాట్ అడ్డం కాదు. గడులున్నాయి కానీ వాటిని నింపేలాగా, వెతికేలాగా, చూపించేలాగా సాఫ్ట్‌వేర్ లేకపోవడం అడ్డం.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది మనుషుల పేర్ల పట్టిక. ఒక మనిషికి ఒకే నంబరు, దాని కింద ఎన్ని పేర్లైనా. కీరవాణి గారి సంగతే చూడండి. గోదావరి ఒడ్డున కొవ్వూరులో 1961లో పుట్టారు, తెలుగులో ఎం.ఎం.కీరవాణి, తమిళంలో మరకతమణి, హిందీలో ఎం.ఎం.క్రీమ్. మూడు భాషల పాటలూ ఉన్న డిస్కులో సాఫ్ట్‌వేర్ ఈయన్ని ముగ్గుర్ని చేసేస్తుంది, ఇంగ్లీషు స్పెల్లింగుల తేడాలు కలిపితే ఏడెనిమిది మంది అయిపోతారు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారి కచేరీలు చూస్తే ఒక రికార్డు మీద యు.శ్రీనివాస్, ఇంకోదాని మీద మాండలిన్ యు.శ్రీనివాస్, ఎస్ పక్కన హెచ్ ఉన్నది ఒకటి లేనిది ఒకటి. ఒక్క శ్రీనివాస్ అని వెతికితే సినిమా పాటలు పాడే శ్రీనివాస్‌లు కూడా వచ్చి కలుస్తారు. అంటే రెండు పనులు కావాలి, ఒకే మనిషి పేర్లన్నీ కలపడం ఒకటి, ఒకే పేరున్న వేరే మనుషుల్ని విడదియ్యడం ఇంకోటి. సముద్రాల అని రాసుంటే అది సముద్రాల రాఘవాచార్యులా, వాళ్లబ్బాయి రామానుజాచార్యులా? మన పెద్దవాళ్లు సీనియర్, జూనియర్ అని చెప్పుకుని సర్దుకున్నారు, సాఫ్ట్‌వేర్‌కి ఎవరూ చెప్పలేదు.

జంటల సంగతి ఇంకో రకం. రాజ్-కోటి అని ఇద్దరు కలిసి చేసిన పాటలు వేరు, విడిపోయాక కోటి గారు ఒక్కరే చేసినవి వేరు. కోటి గారి పాటలు అని అడిగితే రెండూ రావాలి, రాజ్-కోటి అని అడిగితే జంటగా చేసినవే రావాలి. జంట అనేది ఒక పేరు, దాని లోపల ఇద్దరు మనుషులు, అలా గొలుసు కట్టే వీలుండాలి. మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే ఉచిత డేటాబేస్ ఈ పద్ధతిలోనే నడుస్తుంది, అక్కడ మనిషికి మారుపేర్లు పెట్టొచ్చు, గ్రూపులో ఎవరెవరున్నారో చెప్పొచ్చు, పాడింది ఎవరు రాసింది ఎవరు అని విడిగా కలపొచ్చు. కానీ అక్కడి సమాచారం మన ఫైల్లోకి దిగేటప్పుడు మళ్లీ ఒక వరుస అక్షరాలుగా మారిపోతుంది, ఆ నంబరు కూడా ఫైల్లో దాచిపెట్టినా మామూలు ప్లేయర్లు దాన్ని పట్టించుకోవు. పట్టించుకోవాలి, అదే మొదటి డిమాండు.

పాటలో ఎవరు ఏ పని చేశారనే సంగతి కూడా ఇందులోదే. ఆర్టిస్ట్ అని ఒక్క గడి ఇచ్చి అందులో రాసుకోమంటే ఒకడు పాడినవాళ్లని రాస్తాడు, ఒకడు సంగీత దర్శకుణ్ని, ఒకడు హీరోని. నిజంగానే, హీరో పేరుతో ఫోల్డర్లు పెట్టుకునేవాళ్లు డెల్టాలో చాలామంది, భీమవరం వైపు అయితే ఊరేగింపుల్లో హీరో పాటల కోసమే డిస్కులు కడతారు, అది తప్పనుకోకూడదు, పాటని గుర్తుపెట్టుకునే దారుల్లో అదీ ఒకటి. తెర మీద ఎవరున్నారు అనేదానికి కూడా ఒక గడి ఇస్తే ఆర్టిస్ట్ గడి శుభ్రంగా ఉంటుంది. బాలమురళీకృష్ణ గారు 1930లో రాజోలు తాలూకా శంకరగుప్తంలో పుట్టారు, ఆయన పాడారు, వయోలా వాయించారు, కృతులు రాశారు, కొత్త రాగాలు చేశారు. ఆయన కృతి ఇంకొకళ్లు పాడితే అక్కడ ఆయన వాగ్గేయకారుడు, త్యాగరాజ కృతి ఆయన పాడితే అక్కడ గాయకుడు. ఒక్క గడిలో ఇదంతా ఎలా పడుతుంది?

ఇక వెతకడం. మనవాళ్లు తెలుగు పాటని ఇంగ్లీషు అక్షరాల్లోనే వెతుకుతారు, ఫోన్లో అదే తేలిక, దాన్ని మార్చాలని చూడటం అనవసరం. సాఫ్ట్‌వేరే దిగిరావాలి. తకి టీ ఒక్కటి పెట్టేవాడుంటాడు, టీహెచ్ పెట్టేవాడుంటాడు, దీర్ఘానికి రెండు ఏలు పెట్టేవాడు, ఒకటే పెట్టేవాడు, ఊకి రెండు ఓలు, యూ, వకి వీ, డబ్ల్యూ, శ ష స మూడూ ఒకటే. ప్రతి పేరుకీ, ప్రతి పల్లవికీ ఈ తేడాలన్నీ కరిగించేసిన ఒక పొట్టి రూపం లోపల తయారుచేసి పెట్టుకుని, మనం కొట్టింది కూడా అలాగే కరిగించి, ఆ రెండూ పోల్చాలి. అప్పుడు ఎవరు ఎలా కొట్టినా సుశీల గారు సుశీల గారే. తెలుగులో కొట్టినా అదే పొట్టి రూపంలోకి రావాలి. కొన్ని అనవసరమైన పాటలు కూడా వస్తాయి, రానివ్వండి, లేనివి రావడం కన్నా ఉన్నవి రాకపోవడమే పెద్ద బాధ.

తెలుగు లిపిలో వెతికినా రెండు దొంగ తేడాలున్నాయి, కంటికి కనపడవు. "రాజ్‌కోటి" అని రాస్తే జకి కకి మధ్య కనపడని అక్షరం ఒకటుంటుంది, అది లేకపోతే జ కింద క ఒత్తు పడి "రాజ్కోటి" అయిపోతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వెయ్యవు, అక్షరం అక్షరం పోల్చే సాఫ్ట్‌వేర్‌కి ఈ రెండూ వేరే మాటలు. రెండోది ఐత్వం. "శైలజ" అనే పేరులో ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే ముక్కగా రాయొచ్చు, ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు అని రెండు ముక్కలుగానూ రాయొచ్చు, పాత మ్యాక్ డిస్కుల్లో ఫైలు పేర్లు ఈ రెండో పద్ధతిలో దాచేవాళ్లు. తెర మీద రెండూ శైలజే, ఒకదానికోసం వెతికితే ఇంకోటి రాదు. వెతికేముందు రెండు వైపులా ఒకే పద్ధతిలోకి మార్చడం ప్రోగ్రామర్లకి నాలుగు లైన్ల పని, పెద్ద పరిశోధనేం కాదు. తెలుగు వాడేవాళ్లు గట్టిగా అడగలేదు కాబట్టి చెయ్యలేదు.

పల్లవి గురించి కూడా చెప్పాలి. మన పాటకి విడిగా పేరుండదు, మొదటి లైనే పేరు. కానీ చాలా పాటలు పల్లవికి ముందు పాడే సాకీతో మొదలవుతాయి, లేకపోతే ఆలాపనతో, కోరస్‌తో. ఫైలు పేరు సాకీ మాటలతో ఉంటుంది, జనానికి గుర్తున్నది పల్లవి, ఇంకా కొందరికి చరణంలో ఒక్క మాటే గుర్తుంటుంది. అందుకని సాకీకి, పల్లవికి విడివిడిగా గడులు, ఉన్నంతవరకు సాహిత్యం ఫైల్లోనే దాచుకుని అందులో కూడా వెతికే వీలు కావాలి. సాహిత్యం దాచే గడి ఐడీ3లో ఎప్పటినుంచో ఉంది, దాన్ని సెర్చ్‌కి కలిపే ఆప్షన్ మాత్రం చాలా వాటిలో మనం వెతుక్కుని పెట్టుకోవాల్సి వస్తుంది.

సినిమా పేరునే ఆల్బమ్ అనుకోవడం మామూలే, అక్కడో చిక్కుంది. దేవదాసు అని 1953లో ఒకటి, 1974లో ఒకటి, 2006లో ఒకటి. సంగీతం మొదటిదానికి సి.ఆర్.సుబ్బురామన్, రెండోదానికి రమేష్ నాయుడు, మూడోదానికి చక్రి. ఆల్బమ్ పేరుతో గుంపులు కట్టే సాఫ్ట్‌వేర్ ఈ మూడు సినిమాల పాటల్నీ ఒకే బొమ్మ కింద పడేస్తుంది, బొమ్మ కూడా ఏది ముందు దొరికితే అది. సినిమా పేరు, సంవత్సరం రెండూ కలిపితేనే ఒక ఆల్బమ్ అనే నియమం పెట్టుకునే వీలుండాలి. ఆ సంవత్సరం కూడా సినిమా వచ్చిన సంవత్సరమే అవ్వాలి. ఆణిముత్యాలు అని, హిట్స్ అని వచ్చిన సీడీల్లో సీడీ వేసిన ఏడాది రాసుంటుంది, దాంతో యాభైల్లో పాటలు తొంభైల్లోకి వచ్చి కూర్చుంటాయి, పాతపాటలు అని ప్లేలిస్ట్ చేసుకుంటే ఘంటసాల గారే ఉండరు. అసలు విడుదల సంవత్సరానికి విడిగా గడి ఉంది, సాఫ్ట్‌వేర్ దాన్నే ముందు చూడాలి.

నాటక పద్యాలు, కచేరీలు వచ్చేసరికి ఆల్బమ్ అనే మాటే కుదరదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో పద్యం పీసపాటి నరసింహమూర్తి గారు పాడింది ఒకటి, షణ్ముఖి ఆంజనేయరాజు గారు పాడింది ఒకటి, తీర్థంలో, అంటే జాతరలో, ఎవరో ఫోన్లో రికార్డు చేసింది ఇంకోటి. పద్యం ఒకటే, రికార్డింగులు మూడు. రసికులు ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని వింటారు, ఈయన ఆ మాట దగ్గర ఎంతసేపు ఆగాడు, రాగం ఎక్కడ మార్చాడు అని, ఆ వినడంలో ఉన్న ఆనందం అంతా ఇంతా కాదు. దానికి కావాల్సింది రచన ఒకటి, దాని కింద రికార్డింగులు అనే ఏర్పాటు. మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో ఈ తేడా ఉంది, ఇంట్లో వాడే సాఫ్ట్‌వేర్లలో అరుదు. కచేరీకైతే రాగం, తాళం, పక్కవాద్యాలు, ఎక్కడ జరిగింది, ఎప్పుడు, ఇవి కావాలి. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారి వీణ, ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబు గారి వీణ ఒకే రాగంలో ఎన్ని ఉన్నాయో చూపించు అంటే చూపించగలగాలి. రాగం పేరు స్పెల్లింగులకి మళ్లీ అదే పొట్టి రూపం చిట్కా.

డబుల్ ఫైళ్లు తీసెయ్యడం అందరూ అడిగే ఫీచర్, జాగ్రత్తగా చెయ్యాల్సింది కూడా అదే. క్రోమాప్రింట్ అనే పద్ధతి పాట ధ్వని నుంచే ఒక ముద్ర తీస్తుంది, పేరు ఏదైనా పర్లేదు, ధ్వని ఒకటే అయితే పట్టేస్తుంది, పేర్లు పాడైపోయిన మన డిస్కులకి ఇంతకన్నా పనికొచ్చేది లేదు. కానీ అది మామూలుగా మొదటి రెండు నిమిషాలే చూస్తుంది. పదిహేను నిమిషాల హరికథ ముక్క, అదే చోట మొదలయ్యే గంట హరికథ దానికి ఒకేలా కనిపించొచ్చు, కాబట్టి నిడివి కూడా పోల్చాలి. ఇంకోటి, కేసెట్టు నుంచి ఎక్కించిన పాట స్పీడు కొంచెం అటూ ఇటూ అయితే శ్రుతి మారి ముద్ర కలవకపోవచ్చు, అలాంటివి "అనుమానం" అని విడిగా చూపించి మనిషిని అడగాలి, తనంతట తాను చెరిపెయ్యకూడదు.

రెండిట్లో ఏది ఉంచాలి అంటే చాలా సాఫ్ట్‌వేర్లు 320 ఉన్నది ఉంచు, 128 తీసెయ్ అంటాయి. ఇక్కడే మోసపోతాం. 128 కేబీపీఎస్ పాటని ఎవడో 320కి మార్చి ఉంటాడు, సైజు రెండున్నర రెట్లు అయింది, నాణ్యత ఒక్క రవ్వ పెరగలేదు, ఇంకా కొంచెం తగ్గింది. 128లో చేసిన ఎంపీ3లో మామూలుగా 16 కిలోహెర్ట్జ్ పైన ధ్వని కోసేసి ఉంటుంది, ఆ కోత 320 ఫైల్లో కూడా అలాగే కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆ కోత చూసి "ఇది పెంచిన ఫైలు కావచ్చు" అని ఒక గుర్తు పెడితే చాలు. పాత సినిమా పాటలకి మాత్రం ఇది పనిచెయ్యదు, ఆ రోజుల రికార్డింగుల్లో పై ధ్వని అసలే తక్కువ, అందుకే గుర్తు పెట్టాలి కానీ తీర్పు చెప్పకూడదు.

ట్యాగులు రాసేటప్పుడు జరిగే ప్రమాదం గురించి తక్కువ మాట్లాడతారు. ఐడీ3 రెండో వెర్షన్ ట్యాగు ఫైలు మొదట్లో ఉంటుంది. అక్కడ వదిలిన ఖాళీలో కొత్త సమాచారం పడితే సరే, పట్టకపోతే ఫైలు మొత్తం మళ్లీ రాయాలి. ఇరవై వేల పాటలకి ఒకేసారి బొమ్మలు పెట్టమంటే గంటలు గంటలు డిస్కు తిరుగుతూనే ఉంటుంది, వానాకాలం సాయంత్రం, ఈదురుగాలికి కొబ్బరిమట్ట తీగల మీద పడి కరెంటు పోతే ఆ క్షణంలో రాస్తున్న ఫైలు గతేంటి? కొత్త ఫైలు పక్కన రాసి, పూర్తయిందని చూసుకుని, అప్పుడు పాతదాని స్థానంలో పెట్టాలి, ఎక్కడ ఆగిందో గుర్తుంచుకుని కరెంటొచ్చాక అక్కణ్నుంచే మొదలెట్టాలి. ఏం మార్చబోతున్నావో ముందు చూపించు, మార్చాక వద్దనుకుంటే వెనక్కి తీసుకో, ఈ రెండూ లేని సాఫ్ట్‌వేర్‌కి పెద్ద కలెక్షన్ అప్పగించకూడదు. బొమ్మలు కూడా ప్రతి ఫైల్లో దూర్చక్కర్లేదు, 500 కేబీ బొమ్మ పదివేల పాటల్లో పెడితే 5 జీబీ బొమ్మలకే పోతుంది, ఫోల్డర్‌కి ఒకటి చాలు.

ఫైలు కదిపినా పాట పాటే అని తెలియాలి. చాలా ప్లేయర్లు పాటని ఫైలు ఉన్న దారితో గుర్తుపెట్టుకుంటాయి, డిస్కు వేరే పోర్టులో పెడితే డ్రైవ్ అక్షరం మారిపోయి ప్లేలిస్టులన్నీ ఖాళీ, ఇచ్చుకున్న స్టార్లన్నీ మాయం. ఫ్లాక్ ఫైలు లోపల అసలు ధ్వనికి ఎండీ5 అనే లెక్క ఒకటి ముందే రాసి ఉంటుంది, ట్యాగులు ఎన్ని మార్చినా అది మారదు, ఎంపీ3కి కూడా ట్యాగు వదిలేసి మిగతాదానికి అలాంటి లెక్క కట్టొచ్చు. ఆ లెక్కే పాటకి గుర్తింపు కార్డు అవ్వాలి. అదే లెక్కతో ఆర్నెల్లకోసారి డిస్కులో ఏ ఫైలైనా పాడైందా అని చూసుకోవచ్చు, సముద్రపు గాలి తగిలే ఊళ్లలో సామాను ఎంత తొందరగా తుప్పు పడుతుందో అంతర్వేది, ఓడలరేవు వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు.

ఫైలు పేర్లు తెలుగులో పెట్టుకునేవాళ్లకి ఒక చిన్న మాట, లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 అనే డిస్కు ఫార్మాట్‌లో పేరుకి 255 బైట్లే, అంటే తెలుగు ముక్కలు 85. పల్లవి, సినిమా, పాడిన ఇద్దరి పేర్లు కలిపితే దాటిపోతుంది. విండోస్‌లో పట్టిన పేరు అక్కడికి కాపీ అవ్వదు. సాఫ్ట్‌వేర్ ముందే లెక్కేసి పొట్టి పేరు చెప్పాలి.

కేసెట్లు ఎక్కించేవాళ్ల అవసరం వేరు. అరవై నిమిషాల కేసెట్టు అంటే వైపుకి అరగంట, ఆ అరగంట ఒకే ఫైలుగా వస్తుంది. దాన్ని కోసి ముక్కలు చెయ్యకుండా, ఇక్కడో పద్యం మొదలు, ఇక్కడో పాట మొదలు అని గుర్తులు పెట్టుకుని, ఆ గుర్తుల్నే పాటలుగా చూపిస్తే బావుంటుంది. కోసేస్తే రెండు పద్యాల మధ్య జనం ఈలలు, వన్స్‌మోర్ అనే అరుపులు పోతాయి. అవి కూడా ఆ రికార్డింగులో భాగమే, ఆ ఊళ్లో ఆ రాత్రి నాటకం ఎలా నడిచిందో చెప్పేవి అవే.

డిస్కులో ఉన్నది బయటికి పంపించడం సగం పని. కారులో, ఆటోలో, ట్రాక్టర్లో, గుళ్లో మైకు దగ్గర ఉండే ప్లేయర్లు చాలావాటికి తెలుగు అక్షరాలు రావు, పేరు బదులు డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తాయి. కొన్ని ఐడీ3 2.4 ట్యాగు చదవలేవు, 2.3 కావాలి. కొన్ని పాటల్ని పేరు వరసలో కాకుండా పెన్‌డ్రైవ్‌లోకి ఏది ముందు కాపీ అయితే అది ముందు పాడతాయి, సుప్రభాతం ముందు పెట్టాలనుకుంటే దాన్నే ముందు కాపీ చెయ్యాలి. కాబట్టి "పెన్‌డ్రైవ్‌కి పంపు" అని ఒక బటన్, దాని వెనకాల ఆ ప్లేయర్‌కి తగ్గ సెట్టింగు: పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోకి, ఫ్లాక్‌ని ఎంపీ3లోకి, ట్యాగు 2.3లోకి, మనం చెప్పిన వరసలో ఒక్కొక్కటిగా కాపీ. ఇంట్లో ఉన్న అసలు ఫైలుని ముట్టుకోకూడదు, మార్పులన్నీ కాపీలోనే.

సౌండు సరిచెయ్యడం కూడా అక్కడే. 1950ల పాట మెత్తగా ఉంటుంది, దాని తర్వాత ఈ మధ్య పాట వేస్తే చెవులు పగులుతాయి, తెల్లవారుజామున పందిట్లో పడుకున్న పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. దీనికి రీప్లేగెయిన్ అనే పద్ధతి 2001 నుంచి ఉంది, పాట ఎంత గట్టిగా ఉందో లెక్కేసి ట్యాగులో రాస్తుంది, ప్లేయర్ దాన్ని చదివి సౌండు సరిచేస్తుంది. కానీ చిన్న ప్లేయర్లు చాలావరకు ఆ ట్యాగుని చదవవు. ఎంపీ3 లోపల సౌండు స్థాయిని 1.5 డెసిబెల్స్ మెట్లలో నాణ్యత పోకుండా మార్చే వీలుంది, పెన్‌డ్రైవ్‌కి పంపే కాపీలో అదే చేసేస్తే ఏ ప్లేయర్లోనైనా సమానంగా వస్తుంది.

సందర్భం అనే గడి మైకు సెట్టువాళ్లకి ప్రాణం. పెళ్లిలో ఎదుర్కోలుకి ఒక రకం, తలంబ్రాలకి ఒక రకం, అప్పగింతలకి ఒక రకం. సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థంలో వేసేవి వేరు, భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవంలో వేసేవి వేరు. ఒకే పాటకి నాలుగైదు సందర్భాలు ఉండొచ్చు కాబట్టి ఒకటికి మించి రాసుకునేలా ఉండాలి. దానితోపాటు "వెయ్యకూడదు" అని కూడా ఒక గుర్తు ఉండాలి. పెళ్లిపందిట్లో పొరపాటున విషాద పాట పడితే ఆ ఇంట్లో ఎన్నేళ్లైనా ఆ మాట తలుచుకుంటారు, పాట బావుందా లేదా అన్నది కాదు అక్కడ. షఫుల్ పెట్టి వదిలేసినా ఆ గుర్తున్నవి రాకుండా ఆపగలిగితే మైకు దగ్గర కూర్చున్న కుర్రాడు కాస్త కన్ను మూసుకోవచ్చు.

వీటిలో ఏది ముందు అంటే పేర్ల పట్టికే. అది ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ లోపలా బిగించేసి ఉండకూడదు, మామూలు టెక్స్ట్ ఫైలుగా బయటికి తీసుకునేలా ఉండాలి. ఒక మనిషి, ఆయన పేర్లు, ఆయన స్పెల్లింగులు, లైనుకి ఒకరు. పాలకొల్లులో ఒకరు తయారుచేస్తే అమలాపురంలో ఇంకొకరు తెచ్చుకుని దానికి తమ దగ్గరున్న నాటక కళాకారుల పేర్లు కలుపుకోవచ్చు. మ్యూజిక్‌బ్రెయిన్జ్ ముఖ్యమైన డేటా ఎవరైనా ఎలాగైనా వాడుకునేలా హక్కులు వదిలేసి ఇస్తుంది, అకౌంట్ తెరిచినవాళ్లు ఎవరైనా అందులో తెలుగు లిపిలో మారుపేర్లు చేర్చొచ్చు, అలా చేర్చిన పేరు ఉంటే పికార్డ్‌లో ఆర్టిస్ట్ పేర్ల భాష తెలుగు అని పెట్టుకున్నవాళ్లకి ట్యాగులో నేరుగా తెలుగు పేరే దిగుతుంది. సినిమా గాయకుల కన్నా ముందు అందులో చేర్చాల్సింది పద్య నాటకాలవాళ్లని, హరిదాసుల్ని, బుర్రకథ దళాల్ని, ఎందుకంటే వాళ్లలో చాలామంది పేర్లు కేసెట్టు అట్ట మీద తప్ప ఇంకెక్కడా లేవు, ఆ అట్టలు చెమ్మకి ఉబ్బి అక్షరాలు చెదిరిపోతున్నాయి.